మూడో మైక్రోస్కోపు

నేను జీవశాస్త్రం చెప్పే హైస్కూలు పటాన్‌చెరు నుంచి షేర్ ఆటోలో వెళ్లేంత దూరంలో ఉంది. అది బొంతపల్లి వైపా, హత్నూర వైపా, ఇంకో వైపా అన్నది చెప్పను. మా దిక్కున ఊరి పేరు చెబితే కంపెనీ పేరు చెప్పినట్టే. మా బడిలో ప్రభుత్వం ఇచ్చిన సామాను రెండు రకాలు: విరిగినవి, విరగబోతున్నవి. మిగతావన్నీ ఊరి పక్కనున్న మందుల కంపెనీ ఇచ్చినవే. బెంచీల మీద, మంచినీళ్ల ఫిల్టరు మీద, ఆఖరికి ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు మీద కూడా కంపెనీ స్టిక్కరు ఉంటుంది. ఒకసారి ఎవడో ఫ్యాను ఎత్తుకుపోయాడు. స్టిక్కరు మాత్రం జాగ్రత్తగా పీకి గోడకు అంటించి పోయాడు. దొంగకు కూడా ఊళ్లో బతకాలని ఉంటుంది కదా.

కంపెనీ ఏదైనా ఇస్తే దానికో పద్ధతి ఉంది. ఫ్లెక్సీ కట్టాలి, కంపెనీ పెద్దసారుకు శాలువా కప్పాలి, పిల్లలు చప్పట్లు కొట్టాలి, ఫొటో దిగాలి. కుర్చీలు ఖాళీగా కనిపిస్తే బాగుండదని కంపెనీ వాళ్లే డ్యూటీలో ఉన్న కూలీలను కొందరిని ఆటో ట్రాలీలో పంపిస్తారు. చీపుర్లు ఇచ్చినప్పుడు కూడా శాలువా కప్పిన బడి మాది. ఆ చీపుర్లకంటే శాలువాకే ఎక్కువైందని నేనంటే మా హెడ్మాస్టరు సారు నొచ్చుకున్నారు. నాకు ముక్కు మీద కోపమని స్టాఫ్ రూములో పేరు. నిజమే, ఆ పేరు నిలబెట్టుకోవడానికి నేను పెద్దగా కష్టపడిందీ లేదు.

అలాంటి బడికి ఒక ఏడాది వానాకాలంలో కంపెనీ మూడు మైక్రోస్కోపులు పంపింది. అట్టపెట్టె ఎవరినీ ముట్టనీయకుండా నేనే విప్పాను. ఈ విషయంలో మాత్రం నాకు ఎగతాళి లేదు, నిజంగా సంతోషపడ్డాను. ఎన్నో ఏళ్లు నేను అమీబాను పుస్తకంలో బొమ్మ చూపించే చెప్పాను. పిల్లలకు అమీబా అంటే మహా ఇష్టం. ఎట్లా గీసినా తప్పు కాని బొమ్మ అదొక్కటే.

ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం. బాక్టీరియా, వైరస్, ఏకకణజీవి, ఈ మూడింటికీ తేడా చెప్పాలి. పిల్లలకు మూడూ ఒకటే, మూడూ "పురుగులు". అందులోనూ వైరస్ అంటే వాళ్లకు చిన్నప్పుడు వచ్చిన పెద్ద సెలవు. పుస్తకంలో ఉన్నట్టు "కేంద్రకం, కణకవచం" అని మొదలుపెట్టగానే కళ్లు మూతలు పడ్డాయి. పుస్తకం మూసేసి వాళ్లకు తెలిసిన భాషలో చెప్పాను.

"అమీబా, పారమీషియం అంటే ఒక్క షెడ్డు కంపెనీ అనుకోండ్రి. ఒక్కటే షెడ్డు, కానీ లోపట అన్నీ వేరువేరుగ ఉంటయ్. ఆఫీసు రూముంటది, అదే కేంద్రకం. తినేది ఒక దిక్కు, బయట పారేసేది ఒక దిక్కు. బాక్టీరియా ఇంక చిన్న షెడ్డు. దాంట్ల రూములు లేవు, కాగితాలన్నీ నడుమ నేల మీదనే పడి ఉంటయ్. కానీ పని జల్దీ జల్దీ చేస్తది, ఒకటి రెండైతది, రెండు నాలుగైతయ్."

"వైరస్ మేడం?"

"వైరస్‌కు షెడ్డే లేదు. వాని దగ్గర కవర్ల పెట్టిన ఫార్ములా కాగితం ఒక్కటే ఉంటది. ఇంకొకల కంపెనీలకు జొరవడి, వాళ్ల మిషన్ల మీద, వాళ్ల కరెంటుతోటి తన మాలు తయారు చేపిస్తడు."

రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. అడగాలనుకుంటే అడిగేదాకా కూర్చోలేని పిల్ల. వాళ్ల నాయిన ఆ కంపెనీలోనే కాంట్రాక్టు కూలీ. మురికి నీళ్లు శుభ్రం చేసే సెక్షన్లో పని, దాన్ని ఊళ్లో అందరూ ఈటీపీ అంటారు. ఇంటి దగ్గర ఒక బర్రె ఉంది.

"మరి లోపటి లేబర్ ఊకుంటరా మేడం?"

"వాళ్లకు తెల్వది. పైనుంచి ఆర్డరు వచ్చిందనుకుంటరు."

తరగతంతా నవ్వింది. ఇంత తొందరగా వైరస్ అర్థమైన తరగతిని నేను అంతకుముందు చూడలేదు. అదే ఊపులో మందు సంగతి కూడా చెప్పాను. బాక్టీరియా మీద పనిచేసే గోలీ ఆ షెడ్డు గోడ పడగొడుతుందనుకోండి, అసలు షెడ్డే లేని వైరస్‌ను ఏం పడగొడుతుంది అని. మా దిక్కున ఏ జ్వరానికైనా, దగ్గుకైనా, పంటినొప్పికైనా "మన కంపెనీ గోలీ" ఒక్కటే. మన ఊళ్లో తయారైనది మన మాట వినదా అన్న ధీమా. మరునాడు ఇద్దరు తల్లులు వచ్చి, కంపెనీ గోలీని అంత మాట ఎందుకన్నావని నన్ను అడిగిపోయారు.

మైక్రోస్కోపులో చూడటానికి నీళ్లు కావాలి. ఎవరికి దొరికిన నీళ్లు వాళ్లు పచ్చడి సీసాల్లో తెమ్మన్నాను. ప్రతి సీసాలో కాస్త వరిగడ్డి వేసి కిటికీ పక్కన పెట్టించాను. గడ్డి నానితే బాక్టీరియా పెరుగుతుంది, దాన్ని తినడానికి ఏకకణజీవులు పెరుగుతాయి. కొన్నాళ్లకు సీసాలు కంపు కొట్టడం మొదలైంది. హిందీ సారు ముక్కుకు కర్చీఫు కట్టుకుని మా గది ముందు నుంచి పోయేవారు. నాకు మాత్రం అది కమ్మటి వాసన.

ఆ పిల్ల రెండు సీసాలు తెచ్చింది. ఒకటి వాళ్ల బర్రె నీళ్లు తాగే గోలెంలోది, ఒకటి మా బడి వెనక చెరువులోది. గోలెం నీళ్లు ఒక్క చుక్క వేసి చూస్తే లోపల జాతర. పారమీషియాలు చెప్పు ఆకారంలో గుండ్రంగా తిరుగుతూ, గడ్డిపోచకు తగిలి వెనక్కి వచ్చి మళ్లీ దారి వెతుక్కుంటూ పరుగు. ఓ మూల ఒక అమీబా, నింపాదిగా. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు. ఆ పిల్లకు పట్టరాని గర్వం, బర్రె పరువు నిలబెట్టిందని.

చెరువు సీసాలో ఏమీ లేదు. ఒక చుక్క, ఇంకో చుక్క, అడుగునుంచి తీసిన చుక్క. ఏదీ కదల్లేదు. బాక్టీరియా ఉండే ఉంటుంది, దానికి ఎక్కడైనా ఇల్లే, కానీ రంగు వేయకుండా మా మైక్రోస్కోపులో అది పట్టుబడదు. ఉరుకులాడేవి మాత్రం ఒక్కటి కూడా లేవు. గడ్డి కూడా పెద్దగా మెత్తబడలేదు, పసుపుపచ్చగా కూర్చుని ఉంది.

"ఒక్క సీసాతోటి ఏం తేలది," అన్నాను.

సైన్సు టీచరు అనవలసిన మాటే అన్నాను. అయితే ఆ పిల్ల దాన్ని మనసుకు తీసుకుంది. కట్ట దగ్గరివి, తూము దగ్గరివి, అవతలి గట్టువి, వేరువేరు సీసాల్లో తెచ్చింది. గడ్డి వేసింది, ఆగింది, చూసింది. నన్ను చూడమంది, పక్క క్లాసు వాళ్లను చూడమంది. అన్నిట్లో అదే ఖాళీ. నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో, చెప్పిన పద్ధతిని చెప్పినట్టు చేసిన పిల్ల ఆమె ఒక్కతే. దాని ఫలితం ఏమవుతుందో నాకు తట్టనే లేదు.

మైక్రోస్కోపులు ఇచ్చినందుకు కార్యక్రమం పెట్టారు. పిల్లలు ప్రదర్శన చేస్తారు, కంపెనీ పెద్దసారు వచ్చి చూస్తారు. చార్టు రాసే పని ఆ పిల్లకే ఇచ్చాను. మూడు గడులు గీయమన్నాను: బాక్టీరియా, వైరస్, ఏకకణజీవి. ముందురోజు చూస్తే నాలుగు గడులున్నాయి. నాలుగోదాని మీద "మన చెరువు" అని రాసి ఉంది. ఆకారం, పరిమాణం, కదలిక, ప్రతి వరుసలోనూ ఎదురుగా "కనిపించలేదు" అని గుండ్రటి అక్షరాలతో.

హెడ్మాస్టరు సారు దాని ముందు నిలబడి చెమట తుడుచుకున్నారు.

"మేడం, వాళ్లు మనకు ఇవి ఇచ్చింది సూక్ష్మజీవులను చూడనీకె. చెరువును చూడనీకె కాదు."

"సూక్ష్మజీవులు ఆకాశంల ఉంటయా సార్? నీళ్లల్లనే గదా చూడాలె."

"దానమిచ్చిన ఆవు పండ్లు వట్టి చూడొద్దంటరు. మనమేమో దాని పండ్లు వట్టుకొని, దాన్నే కరుస్తున్నం."

నేను గట్టిగానే మాట్లాడాను. పిల్ల చూసింది రాసింది, చూడనిది రాయలేదు, ఇందులో ఎవరినీ అన్నది లేదు అన్నాను. చెరువు ఎందుకు అట్లా అయిందో చార్టులో ఒక్క ముక్క లేదు అన్నాను. సారు తల అడ్డంగా ఊపుకుంటూ తన గదికి పోయారు. ఆయన గోడకు చెప్పుకున్నా వింటుందేమో గానీ నేను వినను అని అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం గెలిచానని అనుకుంటూ అన్నం తిన్నాను.

బడి వదిలే వేళకు ఆ పిల్ల నాయిన వచ్చాడు. డ్యూటీ బట్టలు, చేతిలో పసుపుపచ్చ హెల్మెట్. కొట్లాటకు వచ్చాడేమో అని నేను సిద్ధమయ్యాను. ఆయన కుర్చీలో కూర్చోలేదు, ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, బిడ్డ తప్పు రాసిందని నేను అంటలేను. అది ఇంట్ల గూడ చెప్పింది. కానీ ఆ కాగితం రేపు ఆడ వెడితే నా గేటు పాస్ రెన్యూ గాదు."

"ఎవలన్న అన్నరా?"

"మా దిక్కు ఎవలు ఏమనరు మేడం. పొమ్మని గూడ అనరు. పొద్దుగాల గేటు కాడ మిషన్ల ఏలు వెడతం. పచ్చలైటు రావాలె. ఎర్రలైటు వచ్చిందనుకో, కాంట్రాక్టరును అడుగుమంటరు. కాంట్రాక్టరు ఆఫీసును అడుగుమంటడు. ఆఫీసుకు పోవాల్నంటే గేటు దాటాలె. ఏలేమో అదే ఏలు." ఆయన తన బొటనవేలు వైపు చూసుకున్నాడు. "ఇంట్ల దీని సదువు, మా అవ్వ మందులు, అంతా ఈ ఏలు మీదనే నడుస్తుంది. జెర చూడుండ్రి."

నా కోపం ఎక్కడికి పోయిందో పోయింది. హెడ్మాస్టరు మీద అరవగలను, ఈయన మీద ఏమని అరవను? చార్టులో నాలుగో గడి ఉండదని మాట ఇచ్చాను.

ఆయన పోయాక పిల్లను పిలిచి చెప్పాను. ఆమె బాగా విన్నది.

"నేను చూసింది తప్పా మేడం?"

"తప్పు కాదు."

"మరెందుకు తీస్తున్నం?"

"మీ నాయిన కోసం."

"నాయిన గూడ తప్పు కాదన్నడు. అందరు తప్పు కాదనే అంటరు, తీయుమనే అంటరు."

కత్తెర అడిగి తీసుకుంది. స్కేలు పెట్టి గీత గీసి, నాలుగో గడిని వంకర లేకుండా కత్తిరించింది. మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఏడుస్తుందేమో అని చూశాను, ఏడవలేదు. అంతకంటే ఏడిస్తేనే నాకు హాయిగా ఉండేది.

ఇక మైక్రోస్కోపుల సంగతి. మొదటిదానిలో గోలెం నీళ్లు. రెండోదానిలో నా టిఫిను డబ్బాలోని పెరుగు, రంగు వేసి, బాక్టీరియా కోసం. మూడోది వైరస్‌కు. వైరస్ మా మైక్రోస్కోపుకు అందేంత పెద్దది కాదు. కాబట్టి ఆ మైక్రోస్కోపును ఖాళీగా ఉంచి, ముందర ఆ సంగతి రాసిన అట్టముక్క పెట్టమని పిల్లకు చెప్పాను. హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. ఖాళీగా ఉంటే కంపెనీ చెడిపోయినది ఇచ్చిందనుకుంటారట. ఏదో ఒకటి వేయండి, కాస్త నీళ్లచుక్క అయినా వేయండి అన్నారు. ఆ పిల్ల సరే సార్ అంది. నేను మైకు వైర్లు, కుర్చీల గొడవలో పడిపోయాను.

పెద్దసారు మాట ఇచ్చిన సమయానికి చాలాసేపటి తర్వాత వచ్చారు. మంచి మనిషి, నవ్వు మొహం. శాలువా కప్పించుకోవడంలో ఆయనకు అలవాటు ఎంతగా ఉందంటే, మేము విప్పకముందే మెడ వంచారు. వెనక కుర్చీల్లో డ్యూటీ బట్టల కూలీలు, వాళ్లలో ఆ పిల్ల నాయిన. పక్కనే వాళ్ల కాంట్రాక్టరు.

మొదటి మైక్రోస్కోపులో కన్ను పెట్టిన పెద్దసారు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. "అరే, లైవా ఇవి?" అన్నారు. రెండోదాని దగ్గర, "పెరుగులో ఇన్ని ఉంటాయా? నేను రోజూ తింటానే," అని దిగులుపడ్డారు. మూడోదాని ముందు ఆ పిల్ల నిలబడి ఉంది. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "వైరస్. ఈ మైక్రోస్కోపులో కనిపించదు."

పెద్దసారు అట్టముక్క చదవలేదు. ఫొటోగ్రాఫరు వైపు ఒక చెంప ఉండేట్టు వంగి, కన్ను పెట్టి చాలాసేపు చూశారు.

"వావ్. కనిపిస్తున్నాయి. చిన్నచిన్నగా కదులుతున్నాయి."

హెడ్మాస్టరు సారు ఆ వెంటనే చూశారు. "గుండ్రంగ ఉన్నయ్ సార్, చుట్టూ ముండ్లు," అన్నారు. కరోనా రోజుల్లో టీవీలో చూసిన బంతి ఆయన కంటికి అంటుకుని ఉండాలి. ఊరి పెద్దమనిషి ఒకాయన చూసి ఎర్రగా ఉన్నాయన్నాడు. ఇంకొకాయన ఇవే తన బావమరిదిని ఆస్పత్రి పాలు చేశాయని పళ్లు నూరాడు. కాంట్రాక్టరు చూడకుండానే తలూపాడు. నాకు నవ్వు ఆగక చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఏం నీళ్లమ్మా ఇవి?" పెద్దసారు ఆ పిల్లను అడిగారు.

"మన చెరువు నీళ్లు సార్."

నోట్లోంచి కొంగు తీసేశాను. హెడ్మాస్టరు నా వైపు చూశారు, నేను వెనక కుర్చీల వైపు చూశాను. నాయిన తలవంచుకుని హెల్మెట్ పట్టీ పిసుకుతున్నాడు. పెద్దసారు మాత్రం నేరుగా మైకు దగ్గరికి నడిచారు.

"మన చెరువులో ఎంత జీవం ఉందో ఈ రోజు ఒక చిన్నారి మనందరికీ చూపించింది. చెరువు చచ్చిపోయిందని మాట్లాడేవాళ్లు ఇక్కడికి వచ్చి ఈ మైక్రోస్కోపులో చూడాలి!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కాంట్రాక్టరు కొట్టాడు. కొట్టి, పక్కనున్న నాయిన వీపు చరిచాడు. "నీ బిడ్డ గట్టిది రా. వచ్చే నెల పాస్‌కు నువ్వేం రంది వెట్టుకోకు," అన్నాడు. పిల్ల ఒక్క అబద్ధం ఆడలేదు. కనిపించదని రాసి పెట్టింది, చెరువు నీళ్లని చెప్పింది. మిగతాది పెద్దవాళ్లం కలిసి తయారుచేసుకున్నాం. లేచి అసలు సంగతి చెప్పాలని నా నాలుక దురదపెట్టింది. వెనక కుర్చీలోని ఆ బొటనవేలు గుర్తొచ్చి కూర్చున్నాను. ఆ కూర్చోవడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

పెద్దసారు కారెక్కాక జనమంతా భోజనం ప్యాకెట్ల మీద పడ్డారు. గదిలో నేను, ఆ పిల్ల మిగిలాం. సామాను సర్దుతున్నాం. నాయిన లోపలికి వచ్చి, "ఒక్కసారి నేను గూడ చూడొచ్చా మేడం?" అన్నాడు.

పిల్ల ఆయనను మొదటిదాని ముందు నిలబెట్టి, ఒక కన్ను మూసుకోమంది. చూడగానే ఆయన ముఖం విప్పారింది. "అరే! ఎట్ల ఉరుకుతున్నయే! ఇవి మన గోలెంలయేనా?" అన్నాడు. రెండోది చూశాడు. తరువాత మూడోదాని ముందుకు వెళ్లాడు. అట్టముక్క మీది అక్షరాలు వేలితో తడుముతూ మెల్లగా చదువుకున్నాడు. కన్ను పెట్టాడు. పిల్ల పక్కన నిలబడి ఆయన మొహమే చూస్తోంది. ఆయన స్లైడును కొద్దిగా అటు జరిపాడు, ఇటు జరిపాడు. కన్ను తీసి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. అందరికీ కనిపించినది తనకెందుకు కనిపించడం లేదని అడుగుతాడేమో అనుకున్నాను.

"ఏం లేదు బిడ్డా," అన్నాడు, కన్ను తీయకుండానే. "ఒక్కటి గూడ లేదు. నువ్వు సరిగ్గనే చూసినవ్."

ముందురోజు నుంచి బిగపట్టుకుని ఉన్న పిల్ల అప్పుడు ఏడ్చింది. నాయిన డ్యూటీ చొక్కాలో మొహం పెట్టుకుని, వెక్కి వెక్కి. బయట నుంచి హెడ్మాస్టరు సారు, ప్యాకెట్లు అయిపోతున్నాయి, జల్దీ రండ్రని కేకేస్తున్నారు. నేను వెళ్లి తలుపు వేశాను.